బురుజెక్కిన వియ్యంకులు

రాచలంకలో కోటగుమ్మం పక్కన ఇల్లు ఉండడం ఎంత పాపమో సత్యాన్ని అడిగితే చెప్తాడు. అడగడం కూడా దండగే. మెట్లు కనపడగానే ఆయన చేతులు వాటంతటవే మోకాళ్ళ మీదకు పోవడం చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది.

ఒకప్పుడు రాచలంక జమీందారుగారి పట్నమట. ఊరి చుట్టూ ఇటుక గోడ, గోడకి ఒకే ఒక్క గుమ్మం, గుమ్మం మీద బురుజు. బురుజు మీద కావలివాడు కూర్చుని పగలూ రాత్రీ గోదారి వైపు చూస్తూ ఉండేవాడట. వరద పోటెత్తితే నగారా కొట్టడం, ఎరగని పడవలు కనపడితే కేకెయ్యడం వాడి పని. తరవాత జమీ పోయింది. గోడలో సగం వరద పట్టుకుపోయింది, మిగిలిన సగం ఊళ్ళోవాళ్ళు పట్టుకుపోయి పశువుల పాకలకు పునాదులు వేసుకున్నారు. గుమ్మం, బురుజు మాత్రం విప్పడానికి ఎవరికీ ఓపిక లేక మిగిలిపోయాయి. కొత్త జిల్లా వచ్చాక ఎవరో ఆఫీసరుగారికి వాటి మీద దయ పుట్టి, సున్నం కొట్టించి, పైన ఇనప కటకటాలు బిగించి, కింద బోర్డు పెట్టించారు. బోర్డు మీద అక్షరాలు రెండు వానలకే వెలిసిపోయాయి గానీ బురుజు పేరు మాత్రం పెరిగింది.

పేరు పెరిగితే ఎవరికి చేటు? పక్కింటివాడికి. రాచలంకలో ఓ ఆనవాయితీ ఉంది. ఇంటికి చుట్టం వస్తే బురుజెక్కించి గోదారి చూపించకుండా పంపకూడదు. పంపితే ఆ ఇంటివాళ్ళకి మర్యాద తెలియదంటారు. కోనసీమలో మనిషిని ఏ మాటైనా అనొచ్చు గానీ మర్యాద తెలియదని మాత్రం అనకూడదు. అందుకని సత్యం తన చుట్టాలనే కాకుండా, ఎడం ఎక్కువై రాలేని వీధుల వాళ్ళ చుట్టాలను కూడా ఎక్కిస్తాడు. 'మీరు పక్కనే కదండీ' అంటారు వాళ్ళు. 'ఆయ్, దానికేవుందండీ' అంటాడు సత్యం. ఎక్కేటప్పుడు చెప్పే కథ ఒకటుంది, కావలివాడూ నగారా కథ. అది చెప్పి చెప్పి, ఇప్పుడు నోరు దాని పని అది చేసుకుంటూ పోతుంటే ఆయన మనసులో దింపు కూలీల గురించి ఆలోచించుకుంటూ ఉంటాడు. కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. చెట్టెక్కి కాయలు దింపడానికి మనుషులు దొరకడం లేదన్న బెంగ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఈ ఆదివారం మాత్రం ఆయన బెంగ దింపు గురించి కాదు. లావణ్య గురించి.

లావణ్య ఆయన కోడలు. కొడుకు సురేంద్ర పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే, గల్ఫ్‌లో పనికెళ్ళి దోహాలో పోయాడు. పనివాళ్ళను తీసుకెళ్తున్న బస్సు బోల్తా పడింది. ఆ మాటకి నాలుగేళ్ళు. పిల్లాపాపా లేరు. కర్మలన్నీ అయ్యాక లావణ్య తండ్రి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు అరుగు మీద కూర్చున్నారు. అమలాపురం బస్సు డిపోలో కంట్రోలరుగా చేసిన మనిషి, ఊరందరికీ రావుగారు. పిల్లని తీసుకెళ్దామనే వచ్చారు. కానీ కొడుకు పోయిన ఇంట్లో ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు. "అమ్మాయి మీ ఇంటి పిల్లండి బావగారూ, మీ ఇష్టం" అన్నారు. తీసుకెళ్ళమని చెబుదామనే సత్యం కూడా అనుకున్నాడు. కానీ కొడుకు చితి ఆరకముందే కోడల్ని పొమ్మన్నట్టు ఉంటుందేమోనని, "ఇది తన ఇల్లేనండి, తన ఇష్టం" అన్నాడు. అక్కడే గుమ్మం పట్టుకుని నిలబడ్డ లావణ్య ఇద్దరినీ చూసి, "మీ ఇద్దరి ఇష్టమండి" అంది. ముగ్గురూ అంత మర్యాదగా మాట్లాడుకున్నాక ఇంకేం మిగులుతుంది? లావణ్య ఉండిపోయింది.

ఉండిపోయి, మామిడికుదురులో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరింది. తెల్లారకముందే లేచి వంట చేసి, స్కూలుకి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వంట చేసి, అత్తగారి కాళ్ళకి నూనె రాసి పడుకుంటుంది. వేసవి సెలవుల్లో కూడా ఆ స్కూలువాళ్ళు అడ్మిషన్లకని టీచర్లని ఎండలో ఇంటింటికీ తిప్పుతారు. ఒక్కనాడు విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండునని సత్యానికి అనిపిస్తూ ఉంటుంది. విసుక్కునే మనిషిని ఏం కావాలని అడగొచ్చు. 'దానికేవుందండీ' అనే మనిషిని ఏమడుగుతాం?

అలా ఉండగా పోయిన నెల రాజోలు నుంచి సత్యప్రసాద్ అనే ఆయన వచ్చాడు. ఆయన మేనల్లుడు నాగసతీష్ లావణ్య స్కూల్లోనే లెక్కలు చెప్తాడు. కాఫీ తాగి, ఎండల గురించి మాట్లాడి, కొబ్బరి ధర గురించి మాట్లాడి, చెప్పులేసుకునేటప్పుడు అసలు మాట చెప్పాడు. "మావాడు మీ కోడలుగారిని చేసుకుంటానంటున్నాడండి. తమరు పెద్దమనసు చేసుకుంటే" అన్నాడు. సత్యానికి గుండెల మీంచి బస్తా దింపినట్టయింది. అంతలోనే ఆ బస్తా దింపిన చోట ఏదో ఖాళీ అయినట్టూ అయింది. కానీ తొందరపడి సరే అంటే, ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నారనుకోరూ? పైగా కన్నతండ్రి ఉండగా తానెవరు? "వాళ్ళ నాన్నగారిని ఓ మాట అడిగి చెప్తామండి" అన్నాడు.

ముందు లావణ్యనే అడుగుదామని భార్య భూలక్ష్మిని పంపాడు. భూలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి, వచ్చి, మంచం మీద కూర్చుంది.

"ఏవందే?" అన్నాడు సత్యం.

"మీ ఇష్టం అత్తయ్యగారూ అందండి. మీ ఇష్టమంటే ఏటండీ అర్థం? సరేననా, వద్దనా?" అని భూలక్ష్మి ఏడ్చింది.

ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం చెప్పగలిగినవాళ్ళు లేరు. ఇక రావుగారితో మాట్లాడటం ఒక్కటే దారని, పనసపొట్టు కూర వండుతున్నాం రమ్మని సత్యం ఆయనకి కబురు పెట్టాడు.

రావుగారు పొద్దున్నే బస్సు దిగి ఆటోలో వచ్చేశారు. వచ్చినాయన్ని గుమ్మంలోనే సంసారం సంగతులు అడగడం ఎక్కడుంది? ముందు మజ్జిగ, తరవాత ముంజలు, తరవాత భోజనం. విస్తరి ముందు పెళ్ళి మాట ఎత్తితే మెతుకు దిగదు. భోజనమయ్యాక మనిషిని పడుకోనివ్వాలి. లేచాక కాఫీ ఇవ్వాలి. కాఫీ తాగాక ఆయన బస్సు టైము చూసుకుంటారు. నాలుగేళ్ళలో రావుగారు వచ్చిన ప్రతిసారీ ఇలాగే జరిగింది. వడ్డిస్తూ లావణ్య, కొసరుతూ భూలక్ష్మి, మధ్యలో ఇరుగుపొరుగు, ఇద్దరు మగాళ్ళూ విడిగా ఉండేది బురుజు మెట్ల మీదే. అక్కడ సత్యం నోరు కథ చెప్పుకుంటూ పోవడం, రావుగారు "ఆయ్, ఆయ్" అనుకుంటూ రావడం. ఈసారి మాత్రం కథ చెప్పకూడదని సత్యం గట్టిగా అనుకున్నాడు.

ఎండ కాస్త వాలాక రావుగారు కండువా దులుపుకున్నారు. సత్యం గొంతు సవరించుకున్నాడు.

"ఓసారి బురుజు మీదకెళ్ళొద్దామాండీ బావగారూ?"

రావుగారి మొహంలో ఏదో మెదిలి మాయమైంది. "తప్పకుండానండీ. దాని కోసమే గదండీ ఇంత దూరం వచ్చింది!" అన్నారు.

కోటగుమ్మం కింద చల్లగా ఉంది. రెండు పక్కలా కావలివాళ్ళ గదుల్లో ఇప్పుడు ఎవరివో మేకలు నెమరువేస్తున్నాయి. తలుపులు ఎప్పుడో పోయాయి. గోడ మందంలోనే లోపలికి మెట్లు, ఒక మనిషి పట్టేంత వెడల్పు. లోపల చీకటి, గబ్బిలాల కంపు. పాతకాలపు మెట్లు గదా, ఒక్కొక్కటి మోకాలెత్తు ఉంటుంది. ఆ రోజుల్లో కావలివాళ్ళు ఎంత పొడుగుండేవాళ్ళో గానీ, కట్టినవాడికి మాత్రం ముసలి వియ్యంకుల మీద దయ లేదు.

"మీరు ముందెక్కండి" అన్నాడు సత్యం.

"అబ్బే, మీరు పదండి" అన్నారు రావుగారు.

"చుట్టాలు తమరు, తమరే ముందండి."

"దారి చూపించేవారు తమరు గదండీ."

అలా కాసేపు మేకలకి కాలక్షేపం చేసి, చివరికి సత్యమే ముందెక్కాడు. నాలుగడుగులు వేశాడో లేదో నోరు మొదలుపెట్టేసింది. "పూర్వం ఇక్కడ కావలివాడు కూర్చుని..." అని తన గొంతు తనకే వినపడి ఠక్కున ఆగిపోయాడు. వెనక నుంచి అలవాటుగా "ఆయ్" అని వినపడింది. సత్యం మళ్ళీ కథ ఎత్తుకోలేదు. అసలు మాటా ఎత్తుకోలేకపోయాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి, చొక్కా వీపుకి అంటుకుపోయింది, 'బావగారూ మీ అమ్మాయికి మళ్ళీ పెళ్ళి చేద్దాం' అన్న మాట గొంతు దాకా వచ్చి, ఊపిరి ఆడక మళ్ళీ లోపలికి పోతోంది.

సగం మెట్ల దగ్గర గోడలో చిన్న కిటికీ కంత ఉంది. అక్కడికి వచ్చేసరికి వెనక పెద్ద మూలుగు వినపడింది. సత్యం తిరిగి చూస్తే రావుగారు మెట్టు మీద చతికిలబడి, పిక్క రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"ఏవైందండీ!"

"నరం పట్టేసిందండి. కంగారుపడకండి, అదే పోతుంది."

సత్యం గోడకి ఒరుసుకుంటూ ఆయన్ని దాటి దిగి, కింది మెట్టు మీద కూర్చుని, పిక్క ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా రాయడం మొదలెట్టాడు. వియ్యంకుడి చేత కాలు రాయించుకోవడమేమిటని రావుగారు కాలు లాక్కోబోయారు. లాక్కుంటే ఇంకా పట్టేసింది. "అబ్బా!" అని అరిచి, ఆ బాధలో ఆ మనిషికి మర్యాద కాసేపు మరుపుకొచ్చింది.

"నాకీ బురుజంటే చచ్చేంత భయమండి బావగారూ" అన్నారు.

సత్యం చెయ్యి ఆగిపోయింది. "అదేటండీ? సంబంధం చూసుకోడానికొచ్చినప్పుడు తమరే అన్నారు గదా, ఎన్నిసార్లెక్కినా తనివి తీరదని!"

"అన్నానండి. ఎక్కించినవారు అంత ప్రేమగా ఎక్కిస్తే బాగులేదంటామా? నోటికొచ్చిందేదో అన్నాను. ఆనాటి నుంచీ వచ్చిన ప్రతిసారీ ఎక్కిస్తున్నారు. ఇంటికెళ్ళి మూడు రోజులు మంచం దిగనండి. మీకు బురుజంటే ప్రాణం కదా, కాదంటే చిన్నబుచ్చుకుంటారని."

"నాకా! ప్రాణవా!" సత్యానికి కోపం వచ్చిందో నవ్వొచ్చిందో తెలియలేదు. "నాకీ మెట్లంటేనే మంటండీ బాబూ. ఇది ఏ వరదకి కూలిపోతుందా అని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. తమరికి సరదా అని ఎక్కిస్తున్నాను గానీ..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు రావుగారు నవ్వారు. తరవాత సత్యం నవ్వాడు. ఆ ఇరుకు చీకట్లో చెమటలు కక్కుకుంటూ, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. పైనెక్కడో గబ్బిలాలు టపటపలాడాయి. నవ్వు అయిపోయాక ఇద్దరికీ ఒక్కసారే నీరసం ముంచుకొచ్చింది. ఎన్నేళ్ళ మెట్లు! ఎవరి కోసం ఎక్కినట్టు?

ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మకి చెప్పలేననుకున్నాడు సత్యం. రావుగారి పిక్క మీంచి చెయ్యి తీయకుండానే, ఆయన మొహంలోకి చూడకుండా చెప్పేశాడు.

"బావగారూ, లావణ్యకి మళ్ళీ పెళ్ళి చేద్దామండి. నాగసతీషని మంచి కుర్రాడు, వాళ్ళ స్కూల్లోనే. ఆళ్ళ మావయ్య వచ్చి అడిగేరు. ఆ పిల్ల మా ఇంట్లో ఇలా అరిగిపోతుంటే చూళ్ళేకపోతున్నానండి. తరిమేస్తున్నాననుకోకండి. నా కూతురైతే ఇన్నాళ్ళు ఉంచేవాణ్ణా?"

రావుగారు కిటికీ కంత వైపు తిరిగారు. అందులోంచి పడుతున్న వెలుగులో ఆయన మొహం పాలిపోయి కనిపించింది. తప్పు మాట్లాడానేమోనని సత్యానికి భయం పట్టుకుంది.

"ఆ సత్యప్రసాద్‌గారు మా ఇంటిక్కూడా వచ్చేరండి" అన్నారు చివరికి రావుగారు. "పోయిన వారం."

"వచ్చేరా! తమరేవన్నారు?"

"వద్దన్నానండి."

సత్యం ఒళ్ళోంచి ఆయన కాలు కింద పెట్టేశాడు.

"మీతో చెప్పేరా అని ఆయన్ని అడిగేనండి. చెప్పేమండి, మీరు 'వాళ్ళ నాన్నగారిని అడిగి చెప్తా'మన్నారని ఆయన చెప్పేరు. దాన్నిబట్టి మీకు ఇష్టం లేదని అర్థవైపోయింది. ఇష్టముంటే అక్కడే సరేననేవారు గదా? నా మీద పెట్టేరంటే, నా నోటితో వద్దనిపించాలనే గదా? అబ్బాయి పోయాక ఆ ఇంట్లో మిగిలింది మా పిల్లొక్కర్తీ, దాన్ని కూడా లాక్కుంటే మీరేవైపోతారని..." రావుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "మీ మనసు కష్టపెట్టకూడదని వద్దన్నానండి బావగారూ. ఆయన కాఫీ తాగి, 'మీ ఇష్టమండి' అని లేచెళ్ళిపోయేరు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాళ్ళేదు. నేను నాతో మాట్లాళ్ళేదు."

సత్యానికి ఒక్కసారి లేచి ఆ గోడకి తల కొట్టుకోవాలనిపించింది. ఎవరి మీద కోప్పడాలి? ఈ మనిషి మీదా? ఈ మనిషి చేసింది తాను చేసిందే. ఇద్దరూ కలిసి, ఒకరినొకరు నొప్పించకుండా, ఎంతో జాగ్రత్తగా ఆ పిల్ల గొంతు నొక్కుతున్నారు.

"ఫోను చెయ్యండి" అన్నాడు.

"ఎవరికండీ?"

"సత్యప్రసాద్‌గారికి. ఇప్పుడే. పొరపాటైపోయింది, మాకిష్టమే అని చెప్పండి."

"వద్దన్న నోటితో మళ్ళీ ఎలాగండీ? ఏమనుకుంటారు?"

"ఏవనుకుంటే అనుకోనివ్వండి!" అన్నాడు సత్యం. వియ్యంకుడి మీద గొంతు లేపడం జీవితంలో అదే మొదలు. అన్నాక దాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఆ గోడల మధ్య ఫోను పనిచేయదు. సిగ్నలు కావాలంటే పైకి వెళ్ళాలి. కుంటుతున్న రావుగారి చేతిని భుజం మీద వేసుకుని, మిగతా మెట్లు సత్యమే ఎక్కించాడు. ముందెవరు, వెనకెవరు అన్న మాటే రాలేదు. ఆ ఇరుకులో పక్కపక్కన పట్టక, అడ్డంగా నడుస్తూ, గోడ సున్నమంతా చొక్కాలకి రాసుకుంటూ పైకి చేరారు.

పైన నాలుగు వైపులా కమానులున్న చిన్న గది. కావలివాడు కూర్చునే చోటు. ఒక కమానులోంచి కొబ్బరి తలలు, వాటి వెనక గోదారి పాయ వైనతేయ, ఇంకా అవతల గ్యాసు బావి మంట కనిపిస్తాయి. గాలి మాత్రం బాగుంది. రావుగారు కటకటాలకి ఆనుకుని ఫోను తీశారు. ఆయన తటపటాయిస్తుంటే సత్యం నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

అవతలి నుంచి సత్యప్రసాద్ ముందు యోగక్షేమాలు అడిగాడు. ఎండలెలా ఉన్నాయన్నాడు. రావుగారు చెప్పబోతుంటే సత్యం చేత్తో వద్దని సైగ చేశాడు.

"అయ్యా, నేను మొన్న వద్దన్నది పొరపాటండి" అన్నారు రావుగారు ఒక్క ఊపులో. "మా బావగారికీ ఇష్టమేనండి. నాకూ ఇష్టమేనండి. ఇద్దరం ఇక్కడే ఉన్నాం. మీరు పెద్దమనసు చేసుకోవాలండి."

"అయ్యో, పెద్దమనసుదేవుందండీ" అన్నాడు సత్యప్రసాద్. ఆయన గొంతు కూడా అలిసిపోయినట్టే ఉంది. "మీరు వద్దన్నాక మలికిపురం నుంచి వేరే సంబంధం వచ్చిందండి. రేపు పొద్దున్న పిల్లని చూడ్డానికి వస్తామని మాటిచ్చేం. మావాడే కదలడం లేదు. ఆ టీచరుగారు తన నోటితో వద్దంటే గానీ బండెక్కనంటున్నాడండి. స్కూల్లో అడిగేడంట. 'పెద్దవాళ్ళ ఇష్టమండి' అన్నారంట ఆవిడ. దానికి అర్థవేటండీ? తన మీద మనసు లేని పిల్లని పెద్దవాళ్ళు నెడితే చేసుకోనంటున్నాడు. ఇవాళ ఆవిడ నోట ఔనని వినపడితే, అవతలివాళ్ళకి నేనే సద్దిచెప్పుకుంటానండి. లేపోతే రేపు వెళ్ళక తప్పదు."

"ఇప్పుడే కనుక్కుని చేస్తామండి" అన్నాడు సత్యం, ఫోను పెట్టేశాడు.

ఇద్దరూ కమాను రాతి మీద కూర్చున్నారు. కనుక్కోవడం ఎలా? భూలక్ష్మి అడిగితే 'మీ ఇష్టం' అంది. ఆ కుర్రాడడిగితే 'పెద్దవాళ్ళ ఇష్టం' అంది. ఇప్పుడు తాము అడిగినా అదే అంటుంది. రేపు పొద్దున్నకి అంతా అయిపోతుంది. నిజంగానే ఆ పిల్లకి ఇష్టం లేదేమో. సురేంద్రని మరిచిపోలేదేమో. ఈ ఆలోచన రాగానే సత్యానికి లోపలెక్కడో హాయిగా అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మెట్ల మీద గాజుల చప్పుడు వినపడింది. కాసేపటికి లావణ్య పైకి వచ్చింది. చేతిలో మజ్జిగ సీసా, రెండు గ్లాసులు. కొంగుతో మొహం తుడుచుకుంటూ గోడకి చేరబడింది.

"ఎంతకీ రాకపోయేసరికి అత్తయ్యగారు కంగారుపడుతున్నారండి. మజ్జిగ తెచ్చేను" అని గ్లాసుల్లో పోయబోయింది.

సత్యం ఆ పిల్లని చూశాడు. రోజూ చూస్తూనే ఉన్నాడు, కానీ ఇలా ఎదురుగా కూర్చుని చూసి ఎన్నాళ్ళైందో. ఎండలో తిరిగి తిరిగి మొహం నల్లబడింది. కళ్ళ కింద చారలు. తెల్లారుజామున లేచి పనసపొట్టు కొట్టిన చేతులకి ఇంకా జిగురు మరకలున్నాయి. ముప్పై ఏళ్ళు నిండని మనిషి, మెట్లెక్కి వచ్చి, తనలాంటి ముసలాళ్ళలాగే రొప్పుతోంది.

"ఆ మజ్జిగ అక్కడ పెట్టమ్మా" అన్నాడు.

"చల్లగా ఉందండి, రెండు గుక్కలు..."

"పెట్టమ్మా. నాక్కావాలంటే నేను పోసుకుంటాను. ఇలా కూర్చో."

లావణ్య సీసా కింద పెట్టి కూర్చుంది. మామగారు ఎప్పుడూ అలా మాట్లాడరు. ఏదో జరిగిందని ఆమెకి తెలిసిపోయింది. తండ్రి వైపు చూసింది. రావుగారు లేచి, కుంటుకుంటూ అవతలి కమాను దగ్గరికి వెళ్ళి, గోదారి వైపు మొహం పెట్టి నిలబడ్డారు.

"అమ్మా, నేనొక మాట అడుగుతాను" అన్నాడు సత్యం. "మీ నాన్నగారు ఏవనుకుంటారో అని చూడకు. ఆయనకి ఇష్టమే. నేనేవనుకుంటానో అని చూడకు. మీ అత్తయ్యగారు ఏడుస్తారేమో, ఏడవనీ, నేను చూసుకుంటాను. లోకం అంటావా, దాన్ని ఈ మెట్లెక్కి రమ్మను. 'మీ ఇష్టం' అని మాత్రం అనకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఆ మాట ఇంక వినలేను. ఔనో కాదో, ఏదైనా నాకు ఒకటే." ఒకటే కాదని ఆయనకి తెలుసు. ఔనంటే ఏమవుతుందో, రేపట్నుంచి ఆ ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు వినపడదో అన్నీ తెలుసు. అయినా అడిగాడు. "నాగసతీష్‌ని చేసుకోవడం నీకిష్ట..."

"ఇష్టమేనండి మావయ్యగారూ" అంది లావణ్య.

ఆయన మాట పూర్తి కానే లేదు. ఆమె తల వంచుకోలేదు, సిగ్గుపడలేదు, తండ్రి వైపు చూడలేదు. ఎవరో తలుపు తడతారని లోపలే నిలబడి ఉన్న మనిషి, తట్టీ తట్టకముందే తీసేసినట్టు చెప్పింది. చెప్పాక మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. నాలుగేళ్ళలో ఎప్పుడూ అంత గట్టిగా ఏడవలేదు.

రావుగారు ఫోను అందుకుని నంబరు వెతుక్కుంటున్నారు. కళ్ళజోడు మసకబారి ఆయనకేమీ కనపడటం లేదు. సత్యం వెళ్ళి కటకటాలు పట్టుకుని వాళ్ళిద్దరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. సంతోషంగానే ఉంది. అబద్ధం కాదు, నిజంగానే సంతోషంగా ఉంది. తాను కోరుకున్నది ఇదే. ఈ నాలుగేళ్ళలో ఏ రోజైనా, ఏ పూటైనా, ఎవరైనా ఇలా ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే, ఆ పిల్ల ఇంత త్వరగానే చెప్పి ఉండేది. అది తలుచుకుని కటకటాలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

కానీ ఔనని చెప్పేముందు ఆమె ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేదని కూడా ఆయనకి అనిపించింది. ఆ ఒక్క క్షణం సురేంద్రదని, తమ ఇంటిదని దాచుకునేవాడు.